ఆగితే విడిగా, నడిస్తే కలిసి: ఫోర్ వీల్ డ్రైవ్ వాహనంలో రెండో బ్యాటరీ

ఇంజను శక్తి నాలుగు చక్రాలకూ అందే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో, కంపెనీ ఇచ్చిన బ్యాటరీకి తోడుగా మరొక బ్యాటరీని అమర్చుకునే అలవాటు ఆస్ట్రేలియాలో బాగా వేళ్లూనుకుంది. అక్కడ దీన్ని డ్యూయల్ బ్యాటరీ సిస్టమ్ అంటారు. జంట బ్యాటరీల ఏర్పాటు అని చెప్పుకోవచ్చు. ఈ ఏర్పాటు అవసరం ఎక్కడ పుట్టింది, ఇది ఎలా పనిచేస్తుంది, అమర్చేటప్పుడు ఎక్కడ పొరపాట్లు దొర్లుతాయి అన్నవి ఈ ప్రసంగంలోని అంశాలు. మెల్బోర్న్, సిడ్నీ, పెర్త్ నగరాల్లో స్థిరపడి, సెలవులు రాగానే పిల్లాపాపలతో లోతట్టు ప్రాంతాలకు బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. చెప్పవలసినదంతా ఒక్క సూత్రంలో ఇముడుతుంది. వాహనం ఆగి ఉన్నప్పుడు రెండు బ్యాటరీలూ విడిపోవాలి. ఇంజను నడుస్తున్నప్పుడు రెండూ నిండాలి. శ్రోతలు ఈ ఒక్క మాటను గుర్తుంచుకుంటే మిగిలిన వివరాలన్నీ దాని వెంటే వస్తాయి.

ముందుగా ఆ దేశపు దారుల సంగతి. దక్షిణ ఆస్ట్రేలియాలోని మర్రీ నుంచి క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్ వరకు పోయే బర్డ్స్‌విల్ ట్రాక్ 517 కిలోమీటర్ల పొడవున్న మట్టి, కంకర దారి. పశ్చిమ ఆస్ట్రేలియాలో విలూనా నుంచి హాల్స్ క్రీక్ వరకు ఎడారి గుండా సాగే క్యానింగ్ స్టాక్ రూట్ అయితే సుమారు 1,850 కిలోమీటర్లు. ఒకప్పుడు పశువుల మందలను తోలుకుపోవడానికి వేసిన ఆ దారిలో ఇప్పుడు ప్రయాణికులు వారాల తరబడి ఉంటారు. ఇలాంటి చోట్ల చాలా దూరం ఫోను సిగ్నలు ఉండదు, మెకానిక్ దొరకడు, ఎదురుగా మరో బండి ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకే ఆహారం, నీరు, ఇంధనం అన్నీ వెంట తీసుకుపోవాలి. ఆహారం చెడిపోకుండా ఉండాలంటే బండిలో చిన్న ఫ్రిజ్ ఉండాలి. ఆ ఫ్రిజ్ రాత్రంతా నడవాలి. రాత్రంతా ఫ్రిజ్ నడిచిన తరువాత కూడా తెల్లవారి ఇంజను స్టార్ట్ కావాలి. జంట బ్యాటరీల అవసరం ఇక్కడే పుట్టింది.

ఈ రెండు పనులూ ఒకే బ్యాటరీ ఎందుకు చేయలేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దీనికి జవాబు బ్యాటరీ లోపలి నిర్మాణంలో ఉంది. సీసపు పలకలు, గంధకామ్లం కలిసి పనిచేసే బ్యాటరీని ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించాడు. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో రావడంతో, అంతవరకు మనుషులు హ్యాండిల్ వేసి తిప్పిన ఇంజనును తిప్పే బాధ్యత బ్యాటరీ మీద పడింది. ఈ పనికి అవసరమైనది కొద్ది క్షణాల పాటు చాలా పెద్ద విద్యుత్ ప్రవాహం. అందుకోసం స్టార్టింగ్ బ్యాటరీలో పలుచటి పలకలను ఎక్కువ సంఖ్యలో పేరుస్తారు. పలకల ఉపరితలం పెరిగేకొద్దీ ఒక్కసారిగా వెలువడే ప్రవాహం కూడా పెరుగుతుంది. అయితే ఆ పలుచటి పలకలు పదేపదే పూర్తిగా దిగిపోవడాన్ని తట్టుకోలేవు. కొన్నిసార్లు అడుగంటా ఖాళీ అయితే చాలు, అలాంటి బ్యాటరీ సత్తువ కోల్పోతుంది.

రెండో రకాన్ని డీప్ సైకిల్ బ్యాటరీ అంటారు. ఇందులో పలకలు మందంగా ఉంటాయి. ఒక్కసారిగా పెద్ద ప్రవాహం ఇవ్వకపోయినా, కొద్దికొద్దిగా గంటల తరబడి ఇస్తూ, బాగా దిగిపోయి తిరిగి నిండడాన్ని అనేకసార్లు తట్టుకుంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శ్రోతలకు ఈ రకం కొత్తది కాదు. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యాన్లను, లైట్లను నడిపే ఇన్వర్టర్ బ్యాటరీ ఈ కోవకు చెందినదే. కారు బ్యాటరీని ఇన్వర్టరుకు తగిలిస్తే త్వరగా పాడవుతుందని బ్యాటరీ దుకాణంవారు చెప్పేది కూడా ఈ పలకల తేడా వల్లనే. కాబట్టి ఇవి చూపుకు ఒకేలా ఉన్నా రెండు వేర్వేరు పనులకు పుట్టిన రెండు వేర్వేరు వస్తువులు.

ఆ రెండు పనుల మధ్య తేడా ఎంతో ఒక చిన్న లెక్క చూపుతుంది. ఒక ఆంపియరు ప్రవాహం ఒక గంట సేపు సాగితే ఖర్చయ్యే విద్యుత్తును ఒక ఆంపియర్-అవర్ అంటారు. బ్యాటరీల సామర్థ్యాన్ని కొలిచేది ఈ కొలతతోనే. ఒక డీజిల్ ఇంజను స్టార్ట్ కావడానికి మూడు వందల ఆంపియర్ల ప్రవాహం మూడు సెకన్లు కావాలనుకుంటే, ఖర్చయ్యేది పావు ఆంపియర్-అవర్ మాత్రమే. బండిలోని ఫ్రిజ్ వేడిగా ఉన్న రోజుల్లో ఇరవై నాలుగు గంటలకు సుమారు నలభై ఆంపియర్-అవర్లు తీసుకోవచ్చు. అంటే ఒక్క రోజు ఫ్రిజ్ ఖర్చు నూట అరవై సార్లు ఇంజను స్టార్ట్ చేసినంత. ఇంజనుకు కావలసింది క్షణకాలపు బలం, ఫ్రిజ్‌కు కావలసింది ఓపిక. ఈ రెండింటినీ ఒకే బ్యాటరీ మీద మోపినప్పుడు, ఓపికకు పుట్టని బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోయి, తెల్లవారి సెల్ఫ్ కొడితే టక్కుమన్న శబ్దం తప్ప మరేమీ వినిపించదు.

ఇప్పుడు అసలు విషయానికి రావాలి. రెండో బ్యాటరీ కొనడం తేలిక. దాన్ని మొదటి బ్యాటరీకి ఎలా కలపాలన్నదే కష్టం. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ నేరుగా కలిపేస్తే రెండు బ్యాటరీలూ ఒకే పెద్ద బ్యాటరీగా మారిపోతాయి. ఫ్రిజ్ రెండింటినీ కలిపి ఖాళీ చేస్తుంది, ప్రయాణికులు రెండు బ్యాటరీల బరువు మోస్తూ కూడా పాత ఇబ్బందిలోనే ఉంటారు. కొన్ని పెద్ద డీజిల్ వాహనాలకు కంపెనీయే రెండు బ్యాటరీలు ఇస్తుంది. అయితే చాలా సందర్భాల్లో ఆ రెండూ ఇంజను స్టార్ట్ చేయడానికే కలిసి పనిచేస్తాయి కనుక, బానెట్ ఎత్తగానే రెండు బ్యాటరీలు కనిపించినంత మాత్రాన ఈ ఏర్పాటు ఉన్నట్టు భావించరాదు. రెండింటి మధ్య వేరుచేసే సాధనం ఉంటేనే అది జంట బ్యాటరీల ఏర్పాటు.

ఆ సాధనాన్ని ఐసొలేటర్ అంటారు, అంటే వేరుచేసేది. ఒకప్పుడు ఈ పనిని చేతితో తిప్పే స్విచ్చు చేసేది; బండి ఆపినప్పుడు తిప్పడం మరిచిపోతే ఏర్పాటు మొత్తం వృథా అయ్యేది. తరువాత వాడుకలోకి వచ్చిన వోల్టేజ్ సెన్సిటివ్ రిలే అనే పరికరం మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడదు. దాని తెలివి చాలా సరళమైనది. పూర్తిగా నిండి విశ్రాంతిగా ఉన్న సీసపు బ్యాటరీ టెర్మినళ్ల వద్ద సుమారు 12.7 వోల్టులు ఉంటాయి. ఇంజను తిరుగుతూ ఉంటే, దానితోపాటు తిరిగి విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరు ఆ వోల్టేజిని 14 దాకా లేపుతుంది. కాబట్టి వోల్టేజి సుమారు 13.2 దాటిందంటే ఇంజను నడుస్తున్నదని రిలే గ్రహించి రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, అది 12.7కు దిగిందంటే ఇంజను ఆగిందని గ్రహించి విడదీస్తుంది. స్టార్ట్ చేసిన వెంటనే కాకుండా మొదటి బ్యాటరీ కాస్త కోలుకున్నాకే రెండోదానికి వంతు రావడం ఈ పద్ధతిలోని మరో సుగుణం. ఆగినప్పుడు విడిపోవాలి, నడిచినప్పుడు నిండాలి అన్న సూత్రాన్ని ఈ చిన్న పెట్టె ఎవరూ చెప్పకుండానే అమలు చేస్తుంది.

చాలా కాలం ఈ రిలే సరిపోయింది. కానీ వాహనాలు మారాయి. పొగను, ఇంధన ఖర్చును తగ్గించే ఉద్దేశంతో ఇటీవలి వాహనాల్లో స్మార్ట్ ఆల్టర్నేటర్లు అమరుస్తున్నారు. బ్యాటరీ నిండిందని బండిలోని కంప్యూటరు తలిస్తే, ప్రయాణం మధ్యలోనే అవి వోల్టేజిని తగ్గించేస్తాయి. అప్పుడు ఇంజను నడుస్తున్నా రిలే మాత్రం అది ఆగిందని పొరబడి రెండో బ్యాటరీని విడదీస్తుంది. రోజంతా బండి నడిపినా సాయంత్రానికి రెండో బ్యాటరీ సగమే నిండి ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చినది డీసీ టు డీసీ చార్జర్. వచ్చే వోల్టేజి తక్కువైనా ఎక్కువైనా, దాన్ని రెండో బ్యాటరీకి తగిన స్థాయికి మార్చి, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా, చివరికి నిండిన స్థితిని నిలబెట్టేంత మాత్రంగా దశలవారీగా చార్జి చేయడం దీని పని. స్మార్ట్ ఆల్టర్నేటరు ఉన్న బండిలో ఈ చార్జరుకు ఇగ్నిషన్ నుంచి ఒక సన్నని వైరును కూడా కలపాలి. తాళం తిప్పి ఉందా లేదా అన్న సమాచారం ఆ వైరు ద్వారా అందుతుంది కనుక, చార్జరు వోల్టేజిని చూసి ఊహించవలసిన పని ఉండదు.

లిథియం బ్యాటరీ విషయంలో ఈ చార్జరు దాదాపు తప్పనిసరి. ఇలాంటి బండ్లలో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. నిండి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా దాని వోల్టేజి 13కు పైనే ఉంటుంది. పాత రిలేకు 12.7 దాకా దిగితేనే ఇంజను ఆగినట్టు లెక్క కదా! కాబట్టి ఇంజను ఆపేసినా లిథియం బ్యాటరీ వోల్టేజిని చూసి రిలే రెండింటినీ కలిపే ఉంచవచ్చు. పైగా లిథియం బ్యాటరీ లోపలి నిరోధం చాలా తక్కువ. అడ్డు లేకపోతే ఆల్టర్నేటరు నుంచి పెద్ద ప్రవాహాన్ని లాగి, దాన్ని మితిమీరి వేడెక్కించగలదు. చార్జరు ఆ ప్రవాహానికి 25 లేదా 40 ఆంపియర్ల వంటి హద్దు విధిస్తుంది. సంగ్రహంగా చెప్పాలంటే, పాత తరహా ఆల్టర్నేటరు, సీసపు బ్యాటరీ ఉన్న చోట రిలే చాలవచ్చు. స్మార్ట్ ఆల్టర్నేటరు గానీ లిథియం గానీ ఉన్న చోట చార్జరు కావాలి.

ఇక రెండో బ్యాటరీని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న. బానెట్ కింద ఖాళీ ఉంటే అక్కడే ట్రే బిగించి కూర్చోబెట్టడం పాత పద్ధతి. వైరు పొడవు తగ్గడం అందులోని లాభం. నష్టం వేడి. సీసపు బ్యాటరీ ఉండే చోట వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది బ్యాటరీల రంగంలో అందరికీ తెలిసిన సూత్రం. అందుచేత ఆమ్లం గాజుపీచు చాపలో ఇంకి ఉండే ఏజీఎం రకాన్ని ఇంజను పక్కన పెట్టకపోవడమే మంచిది. లిథియం రకాన్నయితే అక్కడ ఉంచనే కూడదు. ఈ రెండింటికీ బండి వెనుక భాగమే తగిన చోటు. నీళ్లు పోసే పాత రకం సీసపు బ్యాటరీ మాత్రం మనుషులు కూర్చునే, నిద్రించే చోట ఉండరాదు. చార్జి అయ్యేటప్పుడు దాని నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువుకు నిప్పురవ్వ తగిలితే పేలుడు సంభవిస్తుంది.

వెనుక భాగంలో పెట్టడంతో మరో సమస్య మొదలవుతుంది. అది వైరు. ఎక్కువ ఏర్పాట్లు విఫలమయ్యేది ఇక్కడే కనుక శ్రోతలు ఈ భాగాన్ని కాస్త శ్రద్ధగా వినవలసి ఉంటుంది. కాలువ మొదట్లో నీరు ఎంత ఉన్నా, చివరి మడికి చేరేసరికి తగ్గిపోయినట్టే, సన్నని వైరులో పోయే విద్యుత్తు దూరం పెరిగేకొద్దీ వోల్టేజిని కోల్పోతుంది. పోయిన ఆ వోల్టేజి వైరును వేడి చేయడానికి ఖర్చవుతుంది. అందుకే వైరులోని రాగి ఎంత మందంగా ఉందన్నది ముఖ్యం. ఆస్ట్రేలియాలో ఆటో విడిభాగాల దుకాణాల్లో 6 మిల్లీమీటర్ల వైరు పేరుతో అమ్మే సరుకులో ఆ 6 మిల్లీమీటర్లు పై తొడుగుతో కలిపిన వ్యాసం. లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి వస్తుందని నమ్మి కొన్నవారికి దక్కేది అంతకంటే బాగా తక్కువ.

దాని ఫలితం ఎలా ఉంటుందో చూడవచ్చు. ముందు బ్యాటరీ నుంచి వెనుక బ్యాటరీకి ఐదు మీటర్లు, తిరిగి వచ్చే దారి మరో ఐదు మీటర్లు, ప్రవాహం 25 ఆంపియర్లు అనుకుంటే, ఆ సన్నని వైరులోనే దాదాపు ఒక వోల్టు కరిగిపోతుంది. ముందు 14 వోల్టులు ఉంటే వెనుకకు చేరేవి 13. పదమూడు వోల్టులతో సీసపు బ్యాటరీ ఎన్ని గంటలు గడిచినా పూర్తిగా నిండదు. అదే చోట 13.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఉన్న వైరు వేస్తే నష్టం వోల్టులో మూడో వంతుకు తగ్గుతుంది. ఈ వైరును ఆస్ట్రేలియాలో సిక్స్ బీ అండ్ ఎస్ అని పిలుస్తారు; ఈ పద్ధతిలో అంకె చిన్నదైతే వైరు మందం పెరుగుతుంది కనుక ఎయిట్ కంటే సిక్స్ లావైనది. మంచి చార్జరుకు వందల డాలర్లు ఖర్చుపెట్టి, వైరు దగ్గర పొదుపు చేస్తే ఆ చార్జరుకు అందేదే తగ్గిపోతుంది. మరొక్కసారి: వైరును పేరులోని మిల్లీమీటర్లు చూసి కొనరాదు, లోపలి రాగి వైశాల్యం చూసి కొనాలి.

వైరుకు రెండు చివరలా ఫ్యూజు ఉండాలన్నది దీనికి జతైన నియమం. ఫ్యూజు ఫ్రిజ్‌ను కాపాడటానికే అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ ఫ్యూజు కాపాడేది వైరును. ఇంజను గదిని, లోపలి భాగాన్ని వేరుచేసే ఇనుప గోడ గుండా పోయే వైరు, రంధ్రపు అంచుకు ఒరుసుకుని తొడుగు తెగితే, రాగి బండి బాడీని తాకుతుంది. ఆ క్షణంలో వందల ఆంపియర్లు ప్రవహించి వైరు ఎర్రగా కాలుతుంది. మామూలు వైరుకు ఒక చివరే విద్యుత్తు ఉంటుంది. ఈ వైరుకు మాత్రం రెండు చివరలా బ్యాటరీలు ఉన్నాయి కనుక, ఒక పక్క ఫ్యూజు పోయినా రెండో పక్క నుంచి మంటకు విద్యుత్తు అందుతూనే ఉంటుంది. అందుకే రెండు బ్యాటరీల దగ్గరా, టెర్మినలుకు వీలైనంత సమీపంలో, రెండు ఫ్యూజులు పెట్టాలి. రంధ్రాల వద్ద రబ్బరు గ్రోమెట్, పొడవునా ముడతల ప్లాస్టిక్ గొట్టం వేయడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే. మైనస్ వైరును బాడీకి బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించాలి. రంగు మీద బిగించిన ఎర్త్ ఉన్నట్టే కనిపించి పనిచేయదు.

పరిమాణం విషయానికి వస్తే, ఫ్రిజ్‌కు రోజుకు నలభై, లైట్లకూ ఫోన్లకూ మరో పది చొప్పున, ఒక కుటుంబానికి రోజుకు యాభై ఆంపియర్-అవర్లు అవసరమని అనుకోవచ్చు. సీసపు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు. కాబట్టి వంద ఆంపియర్-అవర్ల ఏజీఎం బ్యాటరీ బండి కదలకుండా ఒక రోజు గడిపిస్తుంది. అంతే సామర్థ్యమున్న లిథియం బ్యాటరీలో నూటికి ఎనభై వంతుల దాకా వాడుకోవచ్చు. పైగా ఏజీఎం సుమారు ముప్ఫై కిలోలు తూగే చోట అది అందులో సగం కూడా తూగదు. వాహనం మోయగల మొత్తం బరువుకు చట్టం హద్దు పెట్టిన దేశంలో ఇది చిన్న లాభం కాదు. అయితే సున్నా డిగ్రీలకు దిగువన లిథియం బ్యాటరీని చార్జి చేయకూడదు. ఎడారి అనగానే ఎండలే గుర్తొచ్చినా, ఆలిస్ స్ప్రింగ్స్ పరిసరాల్లో జూలై రాత్రులు సున్నాకు దిగువకు పోవడం సాధారణమే. ఒకే చోట రెండు మూడు రోజులు విడిది చేసేవారు రెండో బ్యాటరీకి సోలార్ పలకను, దానికి తగిన రెగ్యులేటరును జోడించుకుంటారు.

పని మొదలుపెట్టేటప్పుడు పాటించవలసిన క్రమం ఒకటుంది. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ వైరునే చివర బిగించాలి. బండి బాడీ అంతా మైనస్‌కు కలిసి ఉంటుంది కనుక, మైనస్ తగిలి ఉండగా ప్లస్‌ను విప్పే పానా బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే ముందే తీసి పక్కన పెట్టడం మంచిది. పన్నెండు వోల్టుల పని వరకు అనుభవమున్న యజమాని చేసుకోవచ్చు. బండిలో 230 వోల్టుల శాశ్వత వైరింగు పెట్టదలిస్తే మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. బిగించిన తరువాత కూడా పని ముగియదు. కంకర దారుల మీద అడ్డంగా ఏర్పడే గట్టి అలల వంటి గతుకులను అక్కడ కారుగేషన్లు అంటారు. గంటల తరబడి సాగే ఆ అదురుకు నట్లు వదులవుతాయి, ట్రేలు పగుళ్లిస్తాయి, వైర్లు ఒరుసుకుంటాయి. అందువల్ల దూరప్రయాణంలో రోజూ సాయంత్రం బానెట్ ఎత్తి టెర్మినళ్లను చేత్తో కదిలించి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇంత చేశాక ఏర్పాటు సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఎడారి దాకా పోనవసరం లేదు. చవకైన మల్టీమీటరు ఒకటి ఉంటే ఇంటి ముందే పరీక్షించవచ్చు. సాయంత్రం బండి ఆపి, ఫ్రిజ్‌ను రెండో బ్యాటరీ మీద రాత్రంతా నడవనివ్వాలి. తెల్లవారి ఇంజను స్టార్ట్ చేయకముందే మొదటి బ్యాటరీ వోల్టేజిని చూడాలి, అది 12.6 లేదా 12.7 దగ్గరే నిలిచి ఉంటే విడదీసే సాధనం తన పని తాను చేసినట్టు. ఆ అంకె రెండో బ్యాటరీతోపాటు దిగిపోయి ఉంటే రెండూ ఎక్కడో కలిసే ఉన్నాయని అర్థం. తరువాత ఇంజను స్టార్ట్ చేసి, కొంతసేపు నడిచాక, బండి వెనుకకు వెళ్లి రెండో బ్యాటరీ టెర్మినళ్ల మీదనే కొలవాలి. చార్జింగు సాగేకొద్దీ అక్కడి వోల్టేజి క్రమంగా 14 దగ్గరకు చేరితే వైరు, ఫ్యూజు, ఎర్త్ అన్నీ సరిగా ఉన్నట్టు. 13 దగ్గరే ఆగిపోతే వైరు సన్నదైనా అయి ఉండాలి, ఎక్కడో బిగింపు వదులైనా అయి ఉండాలి. మొదటి కొలత విడిపోవడాన్ని, రెండో కొలత నిండడాన్ని చూపుతాయి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ లోపాన్ని నగరంలోనే, పనిముట్లూ దుకాణాలూ అందుబాటులో ఉన్నప్పుడే సరిదిద్దుకుని, ఆ తరువాతే ప్రయాణపు తేదీ నిర్ణయించుకోవడం వివేకం.